ఆపిన చేయే అన్నం పెట్టాలి

అల్లాహ్ మానవునికి ప్రసాదించిన అనుగ్రహాలు లెక్కకు అందనివి. వాటిలో ప్రాణం ఒకటి. తన ఇష్టప్రకారం తిరిగే స్వేచ్ఛ మరొకటి. చెమటోడ్చి సంపాదించుకునే హలాల్ ఉపాధి ఇంకొకటి. మామూలు రోజుల్లో ఈ మూడూ ఒకదానికొకటి తోడుగా నడుస్తాయి. అంటువ్యాధి వచ్చిన రోజున మాత్రం ఒకదానికొకటి ఎదురు నిలిచినట్లు కనిపిస్తాయి. ప్రాణం కాపాడుకోవాలంటే తిరగడం మానాలి. తిరగడం మానితే పని పోతుంది. పని పోతే పొయ్యి వెలగదు. అప్పుడు విశ్వాసి దేనిని ముందు పెట్టాలి? దేనిని వెనుక పెట్టాలి?

2020, 2021 సంవత్సరాలలో ఈ ప్రశ్న మన ప్రతి ఇంటి తలుపూ తట్టింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. భయం తగ్గింది, మాస్కులు పోయాయి. కాని ప్రశ్న అలాగే మిగిలి ఉంది. ఏటా వానాకాలంలో ఆదిలాబాద్ అడవి గ్రామాలకు జ్వరాలు వస్తూనే ఉన్నాయి. రేపు మరో మహమ్మారి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆపద నెత్తిన పడ్డ రోజున ఆలోచించడానికి తీరిక దొరకదు. కనుక తీరిక ఉన్నప్పుడే ఈ విషయంలో మన ధర్మం ఏమంటున్నదో తెలుసుకుని ఉండటం అవసరం.

కరీంనగర్‌కు ఎదురైన పరీక్ష

2020 మార్చి నెల మధ్యలో ఇండోనేషియాకు చెందిన పది మంది ధర్మప్రచారకులు ఢిల్లీ నుండి రైలులో రామగుండం చేరి, అక్కడి నుండి కరీంనగర్ వచ్చారు. ఆ నెల మూడవ వారంలో వారికి కరోనా సోకినట్లు బయటపడింది. అప్పటికి దేశంలో లాక్‌డౌన్ లేదు. రైళ్ళు నడుస్తున్నాయి, బజార్లు తెరిచి ఉన్నాయి. వారు దొంగచాటుగా వచ్చినవారు కారు. అయితే వ్యాధికి మనిషి సంకల్పంతో పని లేదు. మంచి ఉద్దేశంతో వచ్చినవాని వెంట కూడా అది వస్తుంది.

వారిని చికిత్స కోసం హైదరాబాద్ తరలించారు. కలెక్టరేట్ చుట్టుపక్కల, ముకరంపుర ప్రాంతంలో రాకపోకలు ఆపివేశారు. దాదాపు వంద వైద్య బృందాలు ఇల్లిల్లూ తిరిగి జ్వరం, దగ్గు ఉన్నవారిని వెదికాయి. మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. అదే రోజు రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. 25 నుండి దేశమంతా మూతపడింది. అంటే దేశం మొత్తానికీ లాక్‌డౌన్ అన్న మాట అర్థమయ్యే లోపలే కరీంనగర్ వీధులు దానిని అనుభవించాయి. ఆ ప్రచారకులు కోలుకున్నారు. పట్టణంలో వ్యాధి అదుపులోకి వచ్చింది. కరీంనగర్‌లో అనుసరించిన పద్ధతిని ఆ తరువాత ఇతర ప్రాంతాలవారు ఉదాహరణగా చెప్పుకున్నారు.

ఆ రోజుల్లో మన సముదాయం రెండు దెబ్బలు తిన్నది. ఒకటి వ్యాధి, రెండవది నింద. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్తల తరువాత ముస్లిం కూరగాయల వ్యాపారిని కూడా అనుమానంగా చూసిన వీధులు దేశంలో ఉన్నాయి. కొద్ది నెలలకే, 2020 ఆగస్టులో, బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాఅత్ సభ్యులపై పెట్టిన కేసులను కొట్టివేసి, వారిని బలిపశువులను చేసినట్లుందని అభిప్రాయపడింది. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు, విదేశీయులకు ఆశ్రయమిచ్చారని 70 మంది భారతీయులపై పెట్టిన కేసులను కూడా కొట్టివేసింది. నింద అబద్ధమని తేలినందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు.

అయితే ఒక సంగతి మనం మరచిపోరాదు. ఇతరులు వేసిన నింద వేరు, అల్లాహ్ మనపై ఉంచిన బాధ్యత వేరు. నిందించారన్న కోపంతో, జ్వరం చూడటానికి వచ్చిన ఆశా కార్యకర్త ముఖం మీద తలుపు వేసుకుంటే, నష్టపోయేది నిందించినవాడు కాదు. మన ఇంట్లో మంచం మీద ఉన్న తల్లిదండ్రులే నష్టపోతారు.

ఓడ చెప్పే పాఠం

వ్యక్తి స్వేచ్ఛకు హద్దు ఎక్కడ అన్న ప్రశ్నకు దైవప్రవక్త ముహమ్మద్ (స) చెప్పిన ఓడ ఉపమానం చక్కని సమాధానం. కొందరు ఒక ఓడ ఎక్కారు. చీట్లు వేసుకుంటే కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు వచ్చింది. కిందివారు నీళ్ళ కోసం మాటిమాటికీ పైకి వెళ్ళవలసి వచ్చేది. పైవారిని ఇబ్బంది పెట్టడం ఎందుకు, మా వాటాలోనే ఒక రంధ్రం చేసుకుందాం అనుకున్నారు. పైవారు వారిని వారి ఇష్టానికి వదిలేస్తే అందరూ మునిగిపోతారు. వారి చేయి పట్టుకుని ఆపితే అందరూ బయటపడతారు. (బుఖారీ)

ఈ ఉపమానాన్ని మనం ఎన్నోసార్లు విన్నాము. నిదానంగా ఆలోచిస్తే ఇందులో రెండు సంగతులు కనిపిస్తాయి. మొదటిది అందరికీ తెలిసినదే. రంధ్రం చేసేవాడు తన వాటాలోనే చేస్తున్నాడు, కాని నీళ్ళు అతని వాటా దగ్గర ఆగవు. నా శరీరం నా ఇష్టం, నా దుకాణం నా ఇష్టం, నా పెళ్ళికి ఎంతమందిని పిలుచుకుంటే మీకేం అన్న మాటలు ఆరోగ్యవంతమైన రోజుల్లో చెల్లవచ్చు. అంటువ్యాధి రోజుల్లో అవి ఓడ అడుగున ఉలి పట్టుకున్నవాని మాటలవుతాయి. ఇతరులకు హాని చేయరాదు, హానికి బదులు హాని చేయరాదు అన్నది దైవప్రవక్త (స) నేర్పిన మూలసూత్రం (ఇబ్నె మాజా). వెల్లుల్లి తిన్నవాడు ఆ వాసన పోయేదాకా మస్జిదుకు రావద్దని ఆయన వారించారు (బుఖారీ, ముస్లిం). పక్కవానికి వాసన ఇబ్బందినే సహించని ధర్మం, పక్కవాని ఊపిరి తీసే దగ్గును సహిస్తుందా?

రెండవ సంగతిని మనం తరచు వదిలేస్తాము. కింది అంతస్తువారు దుర్మార్గులు కారు. వారికి దాహం వేసింది. వారి అవసరం నిజమైనది. పైవారు వారి చేయి పట్టుకున్నారు, మంచిదే. ఆ తరువాత వారికి నీళ్ళు ఎవరు ఇవ్వాలి? ఉలి లాక్కుని, దాహాన్ని అలాగే వదిలేసి పైకి వెళ్ళిపోతే, రాత్రికి మళ్ళీ ఉలి చప్పుడు వినిపించక తప్పదు. చేయి పట్టి ఆపినవానిపై నీళ్ళు అందించే బాధ్యత కూడా ఉంది. అంటువ్యాధి విషయంలో మనం గ్రహించవలసిన అసలు పాఠం ఇదే.

సర్గ్ వద్ద ఆగిన ఖలీఫా

ఈ పాఠంలోని రెండు భాగాలనూ ఆచరించి చూపినవారు రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి). హిజ్రీ 17, 18 సంవత్సరాల ప్రాంతంలో సిరియాలో ప్లేగు వ్యాపించింది. పాలస్తీనాలోని అమ్వాస్ పేరుతో అది చరిత్రలో నిలిచిపోయింది. ఆ రోజుల్లో సిరియాకు బయలుదేరిన హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటికి వచ్చేసరికి ఈ కబురు తెలిసింది. ఆయన తొందరపడి నిర్ణయం తీసుకోలేదు. ముందు ముహాజిర్లను పిలిచి అడిగారు, వారిలో అభిప్రాయభేదం వచ్చింది. అన్సార్లను అడిగారు, వారిలోనూ అదే భేదం. చివరికి ఖురైషు పెద్దలను అడిగితే, ప్రజలను వ్యాధి మీదికి తీసుకుపోవద్దని వారంతా ఒకే మాట చెప్పారు. వెనక్కు తిరగాలని ఖలీఫా నిర్ణయించారు.

హజ్రత్ అబూ ఉబైదా (రజి) దీనికి అభ్యంతరం చెప్పారు. అల్లాహ్ రాసిన విధి నుండి పారిపోతున్నారా అని అడిగారు. మనం వెళుతున్నది అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధిలోకే అని హజ్రత్ ఉమర్ (రజి) జవాబిచ్చారు. ఒక లోయకు ఇటు పచ్చిక ఉండి అటు బీడు ఉంటే, ఒంటెను ఎటు తోలినా అది దైవనిర్ణయమే కదా అని వివరించారు. అంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, తాను ప్రవక్త (స) నోట విన్న మాట చెప్పారు. ప్లేగు ఉన్న ఊరికి బయటివారు వెళ్ళరాదు, ఆ ఊళ్ళో ఉన్నవారు దానికి భయపడి బయటికి పారిపోరాదు అన్నది ఆ మాట సారాంశం. హజ్రత్ ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు. (బుఖారీ, ముస్లిం)

అల్లాహ్ రాసిందే జరుగుతుంది, మాస్కు ఎందుకు అన్నవారికి ఈ సంఘటనలో పూర్తి జవాబు ఉంది. తవక్కుల్ అంటే ఒంటెను కట్టివేసి, ఆపైన అల్లాహ్ మీద భారం వేయడం. కట్టకుండా వదిలేయడాన్ని తవక్కుల్ అనరు. పారిపోకుండా, ఓర్పుతో, ప్రతిఫలం ఆశించి తన ఊళ్ళోనే ఉండిపోయిన విశ్వాసికి షహీదుతో సమానమైన పుణ్యం ఉందని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతున్నది (బుఖారీ). ఇంట్లో ఉండిపోవడం పిరికితనం కాదు. సంకల్పం సరిగా ఉంటే అది ఆరాధన.

2020లో మన మస్జిదులు ఈ విషయాన్ని అర్థం చేసుకున్నాయి. హైదరాబాద్‌లోని జామియా నిజామియాతో సహా అనేక సంస్థల ఉలమా ఇళ్ళలోనే నమాజు చేసుకోమన్నారు. అజాన్ ఆగలేదు. ఇమాము, ముఅజ్జిన్, ఒకరిద్దరు మాత్రమే లోపల నిలబడ్డారు. వర్షం పడిన రోజున ఇళ్ళలోనే నమాజు చేసుకొమ్మని అజాన్‌లో ప్రకటించిన సంప్రదాయం హదీసులలో ఉండనే ఉంది. రమజాన్ వచ్చింది, తరావీహ్ ఇళ్ళలో జరిగింది. మే 25న ఈద్ వచ్చింది, ఈద్‌గాహ్‌లు ఖాళీగా ఉండిపోయాయి. ఆ ఉదయం ఎన్ని కళ్ళు చెమర్చాయో అల్లాహ్‌కు తెలుసు. జూన్ 8న మస్జిదులు తిరిగి తెరుచుకున్నాయి. సంవత్సరాల తరబడి మొదటి వరుస వదలని వృద్ధులు కూడా మారుమాట లేకుండా ఇంట్లో ఉండిపోయారు. ఇతరుల ప్రాణం కోసం తన అభీష్టమైన ఆరాధనా రూపాన్ని కూడా వదులుకోవడం స్వేచ్ఛను సద్వినియోగం చేయడమే.

అదే ఖలీఫా, కరవు రోజుల్లో

ఇప్పుడు రెండవ భాగం చూద్దాము. ఆ ప్లేగు కాలంలోనే అరేబియాలో వానలు లేక భయంకరమైన కరవు వచ్చింది. నేల బూడిద రంగుకు మారినందున ఆ సంవత్సరాన్ని ఆముర్రమాదా, అంటే బూడిద సంవత్సరం అన్నారు. ఎడారివాసులు వేల సంఖ్యలో మదీనా చేరారు. హజ్రత్ ఉమర్ (రజి) ఇతర ప్రాంతాల పాలకులకు ఉత్తరాలు రాసి ధాన్యం తెప్పించారు. వండించి పంక్తులలో కూర్చోబెట్టి తినిపించారు. ప్రజలకు నెయ్యి, మాంసం అందేదాకా తాను వాటిని ముట్టనని నిశ్చయించుకున్నారు. నూనె తిని తిని ఆయన మేనిఛాయ మారిపోయిందని చరిత్రకారులు రాశారు. ఆ ఏడాది జకాత్ వసూలును వాయిదా వేశారు. ఆకలితో దొంగిలించినవానికి దొంగతనపు శిక్షను అమలు చేయలేదు.

గమనించండి. ప్లేగు వద్ద ప్రజలను ఆపినదీ, ఆకలి వద్ద ప్రజలకు తినిపించినదీ ఒకే చేయి. ఒకటి ఆరోగ్య శాఖ పని, మరొకటి ఇంకెవరి పనో అని ఆయన అనలేదు. నేను ఆపాను, ఇక వారి తిండి వారి తఖ్దీర్ అనీ అనలేదు. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవానికి ఓర్పు గురించి ఉపదేశించడం సులభం. ఆయన మొదట తన కడుపు మాడ్చుకున్నారు, ఆ తరువాత ఓర్పు గురించి మాట్లాడారు.

మన ఇళ్ళలో ఆగిన పనులు

ఈ కొలబద్దతో మన జిల్లాలను చూద్దాము. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలలో వేలాది మంది స్త్రీలు బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్నారు. వారిలో మన అక్కచెల్లెళ్ళు ఎందరో ఉన్నారు. వెయ్యి బీడీలకు ఇంత అన్న లెక్కన వారికి కూలి ముడుతుంది. ఆకు, తంబాకు రావడం ఆగిన రోజున ఆ చేతులకు పని లేదు. సిరిసిల్లలో సాంచాల చప్పుడు ఆగిపోయింది. ఆటో నడిపేవాడు, పంక్చర్ వేసేవాడు, గాజులు అమ్మేవాడు, రమజాన్ నెల సంపాదనతోనే ఏడాది అప్పులు తీర్చే దర్జీ, అందరి చేతులూ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపే డబ్బు ఆగింది. 2020 మే 7 నుండి వందే భారత్ విమానాలు మొదలైనా, వచ్చినవారిలో చాలామంది ఖాళీ చేతులతోనే దిగారు. దేశం మొత్తం మీద ఆ సంవత్సరం ఏప్రిల్ నుండి జూన్ వరకు మూడు నెలల్లో ఉత్పత్తి దాదాపు నాలుగో వంతు పడిపోయింది. ఆ అంకె వెనుక ఉన్నది ఇలాంటి ఇళ్ళే.

ఆదిలాబాద్ మీదుగా వెళ్ళే 44వ జాతీయ రహదారి మరో దృశ్యం చూసింది. హైదరాబాద్‌లో పని పోయిన కూలీలు బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ దిక్కుగా పిల్లలను భుజాన వేసుకుని నడిచారు. పెన్‌గంగ వంతెన దాటితే మహారాష్ట్ర. ఇంకా వందల మైళ్ళ నడక మిగిలే ఉంది. ఇంట్లో ఉండండి అన్న ఆజ్ఞ వారికీ వర్తించింది, కాని వారికి అక్కడ ఇల్లు లేదు. 2020 మే 1న లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక రైలు బయలుదేరేదాకా ఎందరో దారిలోనే ఉండిపోయారు. ఎండలో రోడ్డు పక్కన నిలబడి వారికి అన్నం, మజ్జిగ, చెప్పులు ఇచ్చినవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. స్వయంగా రోజా ఉండి ఇతరుల నోటికి నీళ్ళు అందించిన యువకులూ ఉన్నారు. అల్లాహ్ వారి శ్రమను స్వీకరించుగాక!

ప్రభుత్వం కూడా కొంత చేసింది. తెల్ల కార్డుదారులకు మనిషికి 12 కిలోల చొప్పున ఉచిత బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. అది ఎందరో పేదల కడుపు నింపింది. కాని అద్దె, మందులు, కిస్తీ, కరెంటు బిల్లు ఉన్న ఇంటికి అది ఎన్నాళ్ళు సరిపోతుంది? కిస్తీలకు ఆరు నెలల గడువు ఇచ్చారు, అయినా వడ్డీ మాత్రం పెరుగుతూ పోయింది. అప్పు తీసుకున్నవాడు ఇబ్బందిలో ఉంటే చేయి ఆడేదాకా గడువు ఇవ్వాలనీ, మాఫీ చేయడం మరింత మేలనీ ఖుర్ఆన్ రెండవ సూరా 280వ వాక్యం బోధిస్తున్నది. ఆ గడువుకు వడ్డీ కట్టమని అల్లాహ్ చెప్పలేదు.

పని ఆపాలా, గుంపును ఆపాలా?

ప్రాణమా, ఉపాధియా అని తక్కెడలో రెండు పళ్ళాలు పెట్టి మాట్లాడటం మనకు అలవాటయింది. పోయిన ప్రాణం తిరిగి రాదు, పోయిన సంపద తిరిగి రావచ్చు. కనుక రెండింటిలో ఒకటే దక్కే చోట ప్రాణానిదే అగ్రస్థానం. ఒక ప్రాణాన్ని కాపాడటం మానవజాతినంతటినీ కాపాడటంతో సమానమని ఖుర్ఆన్ అయిదవ సూరా 32వ వాక్యం తెలుపుతున్నది. అయితే షరీఅత్ కాపాడదలచిన అయిదు విషయాలలో ధర్మం, ప్రాణం, బుద్ధి, వంశాలతో పాటు సంపద కూడా ఉందని ఇమామ్ గజాలీ వంటి పండితులు వివరించారు. ఆకలి కూడా ప్రాణం తీస్తుంది. కనుక తెలివైనవాడు రెండు పళ్ళాలనూ నిలబెట్టే దారి వెదుకుతాడు.

దానికి మన కళ్ళముందే ఒక ఉదాహరణ ఉంది. 2020 వేసవిలో యాసంగి వరి కోతకు వచ్చింది. ఆ పంటను చేలో వదిలేస్తే రైతు చస్తాడు. మార్కెట్ యార్డుకు అందరూ ఒకేసారి వస్తే వ్యాధి పాకుతుంది. అందువల్ల ఊళ్ళలోనే కొనుగోలు కేంద్రాలు తెరిచి, ఏ రోజు ఎవరు రావాలో కూపన్లు ఇచ్చి వడ్లు కొన్నారు. కష్టాలు లేకపోలేదు, కాని పని ఆగలేదు. గుంపు మాత్రమే ఆగింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా ఉంది. 2021 మే 12న రాష్ట్రంలో మళ్ళీ లాక్‌డౌన్ వచ్చింది. ఉదయం 6 నుండి 10 వరకు మాత్రమే సడలింపు. మే 14న ఈద్. రోజంతటి కొనుగోళ్ళు నాలుగు గంటల్లోకి కుదించుకుపోతే బజారులో ఏమవుతుందో చెప్పనవసరం లేదు. సేమ్యా, ఖర్జూరం, కొత్త బట్టల కోసం భుజం భుజం రాసుకున్నవారిలో మనమూ ఉన్నాము. సమయాన్ని కుదించింది ప్రభుత్వం. కొత్త బట్టలు లేకుండా ఈద్ గడవదని నిర్ణయించుకున్నది మాత్రం మనమే. దైవప్రవక్త (స) ఉన్నవాటిలో మంచివి తొడుక్కోమన్నారే తప్ప, ప్రాణం పణంగా పెట్టి కొనమనలేదు.

బలవంతం ఎంతవరకు?

ఫిఖ్‌హ్ పండితులు చెప్పిన మరో సూత్రం మనకు ఇక్కడ అవసరం. అనివార్యత ఎంత ఉందో అనుమతి అంతే. ఈ సూత్రం రెండు వైపులా పనిచేస్తుంది. పౌరుడు తన స్వేచ్ఛను అవసరం మేరకు వదులుకోవాలి. పాలకుడు తన అధికారాన్ని అవసరం మేరకే వాడాలి. మందుల చీటీ పట్టుకుని బయటికి వచ్చినవాని మీద లాఠీ ఎత్తడం ఏ ఆరోగ్య సూత్రం కిందికీ రాదు. అది జుల్మ్. ప్రమాదం తగ్గిన తరువాత కూడా ఆంక్షను కొనసాగించడం అలాంటిదే. ఒకే ఆంక్షను ఒక సముదాయం మీద గట్టిగా, మరొక సముదాయం మీద మెత్తగా అమలు చేయడం న్యాయం కాదు.

సఖీఫ్ తెగ ప్రతినిధులలో కుష్ఠువ్యాధి ఉన్న ఒక వ్యక్తి ఉండేవాడు. దైవప్రవక్త (స) అతనికి మనిషిని పంపి, నీ ప్రమాణం స్వీకరించాము, ఇక నీవు తిరిగి వెళ్ళవచ్చునని కబురు చేశారు (ముస్లిం). అతనిని దూరం ఉంచారు, కాని అవమానించలేదు. అతని ప్రమాణాన్ని తిరస్కరించలేదు. వ్యాధిగ్రస్తుని దూరం పెట్టవలసి వచ్చినప్పుడు అతని గౌరవాన్ని ఎలా కాపాడాలో ఇంతకంటె చక్కగా ఎవరు చూపగలరు? 2020లో కోలుకుని ఇంటికి వచ్చినవానికి నల్లా దగ్గర నీళ్ళు పట్టుకోనివ్వని పొరుగువారు ఈ హదీసు ముందు తలదించుకోవలసిందే.

టీకా విషయంలోనూ ఇదే మధ్యేమార్గం. మన దేశంలో 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. వాటిలో ఒకటి హైదరాబాద్‌లోనే తయారైంది. సంతానం కలగదనీ, ఇంకేదో అవుతుందనీ ఫోన్లలో వదంతులు తిరిగాయి. 2022 మే 2న సుప్రీంకోర్టు, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని చెప్పింది. అదే తీర్పులో, ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం వ్యక్తి హక్కులపై తగిన పరిమితులు విధించవచ్చునని కూడా చెప్పింది. బలవంతం లేదంటే బాధ్యత లేదని అర్థం కాదు. వైద్యులను అడిగి, నమ్మదగిన సమాచారం తెలుసుకుని నిర్ణయించుకోవడం స్వేచ్ఛ. విన్న ప్రతి మాటనూ పదిమందికి పంపడం పాపం. ఏదైనా వార్త వస్తే దానిని విచారించి తెలుసుకోవాలన్నది ఖుర్ఆన్ 49వ సూరా ఆదేశం.

సంపాదన కూడా పరీక్షే

ఉపాధి హక్కు గురించి మాట్లాడేటప్పుడు ఒక హద్దును గుర్తు చేసుకోవాలి. ఆపదను అవకాశంగా చేసుకునే సంపాదన హలాల్ కాదు. ధర పెరగాలని సరుకు దాచేవాడు పాపి అని దైవప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం). 2020 మార్చిలో 200 మిల్లీలీటర్ల శానిటైజర్ ధర 100 రూపాయలు మించరాదని కేంద్ర ప్రభుత్వం ఆజ్ఞ ఇవ్వవలసి వచ్చిందంటే, మనుషులు ఏ స్థితికి దిగజారారో ఊహించండి. 2021లో ఆక్సిజన్, రెమ్‌డెసివిర్ నల్లబజారుకు వెళ్ళాయి. అదే సమయంలో సిలిండరు భుజాన మోసి ఇళ్ళకు చేర్చినవారు, తెలియనివారి జనాజాకు స్నానం చేయించి భుజం పట్టినవారు మన మధ్యనే ఉన్నారు. ఒకే వ్యాధి ఒకనికి నరక మార్గమయింది, మరొకనికి స్వర్గ మార్గమయింది.

మనం చేయవలసిన పనులు

సోదరులారా! సోదరీమణులారా! 2020, 2021 సంవత్సరాలలోనే ప్రపంచంలో మామూలుకంటె దాదాపు కోటిన్నర మంది అధికంగా మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారి కోసం దుఆ చేయడంతో మన పని పూర్తి కాదు. రాబోయే ఆపదకు ఇప్పుడే సిద్ధం కావాలి.

మొదటిది, ప్రతి మహల్లా మస్జిదు కమిటీ దగ్గర ఒక జాబితా ఉండాలి. ఏ ఇంట్లో రోజు కూలి తప్ప ఆధారం లేదు, ఏ ఇంట్లో ఒంటరి వృద్ధులున్నారు, ఎవరికి రోజూ మందులు కావాలి అన్నది అందులో రాసి ఉంచాలి. ఆ జాబితాలో ముస్లిమేతర పొరుగువారి పేర్లు కూడా ఉండాలి. పొరుగువాడు పస్తుండగా కడుపునిండా తినేవాని విశ్వాసం అసంపూర్ణమన్న ప్రవక్త (స) బోధలో పొరుగువాని మతం ప్రస్తావన లేదు.

రెండవది, బైతుల్‌మాల్‌లో కొంత సొమ్మును ఆపత్కాలం కోసం విడిగా ఉంచాలి. మస్జిదు తాళం వేయవలసి వచ్చిన రోజున ఈ పెట్టె తాళం తీయాలి.

మూడవది, ఆపద గడిచిన తరువాత ఆగిన కుటుంబాన్ని తిరిగి నిలబెట్టాలి. బియ్యం సంచి ఒక వారం నడుపుతుంది. వడ్డీ లేని ఖర్జె హసనా ఇచ్చి దర్జీకి మిషను, పండ్ల వ్యాపారికి బండి కొనిస్తే అది ఏళ్ళు నడుపుతుంది. ఆర్థికంగా కోలుకోవడం అన్న పెద్ద మాటకు మన వీధిలో అర్థం ఇదే.

నాలుగవది, దుకాణాల అద్దె తీసుకునేవారు, అప్పులిచ్చినవారు, జీతమిచ్చే యజమానులు తమ స్థాయిలో తాము చిన్న పాలకులే. పని మూసిన రోజున పనివానిని రేపు రావద్దు అని పంపించేముందు, అతని ఇంట్లో రాత్రి ఏమి వండుతారో అడగండి.

అయిదవది, జబ్బును దాచవద్దు. జ్వరంతో ఉండి పెళ్ళికి వెళ్ళడం, దగ్గుతో జుమా వరుసలో నిలబడటం, ఎవరెవరిని కలిశామని వైద్య సిబ్బంది అడిగితే అబద్ధం చెప్పడం అమానతుకు ద్రోహం. జబ్బు ఒంటెలను ఆరోగ్యమైన ఒంటెల దగ్గరికి తోలవద్దని దైవప్రవక్త (స) వారించారు (బుఖారీ, ముస్లిం). పశువుల విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం మనది.

చివరిగా ఒక మాట. ప్రళయదినాన మనలను రెండు ప్రశ్నలు అడగవచ్చు. నీ స్వేచ్ఛ వల్ల ఎవరి ప్రాణమైనా పోయిందా అన్నది ఒకటి. నీవు ఆపినందువల్ల ఎవరైనా ఆకలితో పడుకున్నారా అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు మాత్రమే సిద్ధమైనవాడు సగమే సిద్ధమైనట్లు.

ఓ అల్లాహ్! మా ప్రాణాలను, మా పొరుగువారి ప్రాణాలను కాపాడు. మా చేతులకు హలాల్ పని ప్రసాదించు. ఇతరులను ఆపవలసిన రోజున మృదువుగా ఆపే మనసును, ఆపినవారికి తినిపించే గుణాన్ని మాకు అనుగ్రహించు. ఆ మహమ్మారిలో వెళ్ళిపోయినవారి పాపాలను క్షమించు, వారి ఇళ్ళలో మిగిలినవారికి నీవే ఆధారమై ఉండు. ఆమీన్.